‘ఆదిత్య 369’: కాలయంత్రం తెరిచిన ద్వారాలు

కాలాన్ని వశపరచుకోవాలనే కోరిక మన సాహిత్యానికి కొత్తది కాదు. కుమార్తె రేవతికి తగిన వరుని గూర్చి అడుగుటకు బ్రహ్మలోకానికి వెళ్ళిన రైవతుడు తిరిగి వచ్చేసరికి భూలోకంలో యుగాలు గడిచిపోయాయని భాగవత కథ. అక్కడ కాలమే మనిషిని నడిపింది. 1895లో హెచ్.జి. వెల్స్ రచించిన ‘ది టైమ్ మెషీన్’ నవలలో మనిషి కాలాన్ని నడపబూనాడు. ఈ రెండవ భావనను తెలుగు తెరపై సాహసోపేతంగా ప్రవేశపెట్టిన చిత్రం, 1991 జూలైలో విడుదలైన ‘ఆదిత్య 369’.

శ్రీ సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, శ్రీ శివలెంక కృష్ణప్రసాద్ నిర్మించిన ఈ చిత్రానికి జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం సమకూర్చారు. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ అనే ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని వజ్రం చుట్టూ అల్లిన అపరాధ కథ, 1526 నాటి విజయనగర వైభవం, అణుయుద్ధానంతరం మానవులు భూగర్భంలో తలదాచుకొనే 2504వ సంవత్సరం, ఈ మూడింటినీ హాస్యమనే దారంతో గుచ్చడం దర్శకుని ప్రతిభకు నిదర్శనం. శాస్త్ర పరిభాషతో ప్రేక్షకుని బెదరించక, అద్భుతాన్ని ఇంటి ముంగిట నిలిపిన తీరు ప్రశంసనీయం.

అయితే యంత్రం నిజంగా చేరినది 1526వ సంవత్సరానికేనా? ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చిత్రాలలో శ్రీకృష్ణదేవరాయలుగా తెలుగువారి మనసులలో నిలిచినవారు నందమూరి తారక రామారావు. ఇక్కడ ఆయన కుమారుడు బాలకృష్ణ కృష్ణకుమార్‌గానూ, రాయలుగానూ కనిపిస్తాడు. అందుచేత ప్రేక్షకుడు చరిత్రను కాక, తాను అంతకుమునుపే తెరపై చూచిన చరిత్రను తిరిగి దర్శిస్తాడు. ఇది చిత్రానికి బలమే కాని పరిమితి కూడా. భువనవిజయం కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది. ఆ వైభవాన్ని మోసిన రైతు, రాతిపని వాడు మాత్రం నేపథ్యంగానే మిగిలిపోతారు. భవిష్యత్తు ఘట్టం రేపిన గంభీరమైన భయం కూడా వజ్రపు వేటలో త్వరగా కరిగిపోతుంది.

ఈ పరిమితి అండమాన్ దీవుల నుండి చూచినప్పుడు మరింత స్పష్టమవుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారు నివసించే నేలపైనే, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఉంది. 1922–24 నాటి రంప పితూరీలో శిక్షపడిన మన్యం వీరులు కొందరు ఈ దీవులకు పంపబడ్డారు. వారిది సింహాసనం లేని చరిత్ర, వజ్రం లేని చరిత్ర. తెలుగువారి కాలయంత్రానికి ఈ ద్వారం కూడా తెలియవలసి ఉంది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. ఈ దీవుల ఆదిమ తెగలను ‘రాతియుగపు మనుషులు’ అనడం పరిపాటి అయింది. దూరాన్ని కాలంగా పొరబడే ఆ దృష్టి కూడా ఒక విధమైన కాలయంత్రమే. జరవాలు, సెంటినలీలు మన సమకాలికులు. వారి జీవితం మనకు గతం కాదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ వారికీ మనకూ ఒకే ఉదయాన సంభవించాయి. ఆనాడు ఇందిరా పాయింట్ వద్ద నేల 4 మీటర్లకు పైగా కుంగిపోయింది. భూమి రూపు మారడానికి 2504 వరకు ఆగనక్కరలేదని ఈ దీవులకు తెలుసు.

ఇట్టి ప్రశ్నలు వేయించగలగడమే ‘ఆదిత్య 369’ సాధించిన విజయం. 2025 ఏప్రిల్‌లో అది కొత్త మెరుగులతో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. మూడు దశాబ్దాల అనంతరం కూడా దాని వినోదం వాడిపోలేదు. కాని గతాన్ని వజ్రంగా పెట్టెలో భద్రపరచడం సంస్కృతి పరిరక్షణలో సగం పని మాత్రమే. ఆ పెట్టెలోకి చేరని జీవితాలను కూడా వెదకి తెరకెక్కించగల చిత్రం తెలుగులో ఇంకా రావలసి ఉంది.