మన ఎర్రమట్టిని లోపలికి రానిస్తారా?

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఏదైనా చూడాలని యూనివర్సిటీ ల్యాబుకు దరఖాస్తు పెడితే ఆ ఫారంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. శాంపిల్‌కు అయస్కాంత గుణం ఉందా? అవును, కాదు అని రెండు గడులుంటాయి. చదవకుండానే 'కాదు' దగ్గర టిక్కు పెట్టేసేవాళ్లు చాలామంది. జహీరాబాద్ మట్టిని పొట్లం కట్టుకుని పోయేవాళ్లు మాత్రం అక్కడ కాస్త ఆగాలి. మనది లేటరైట్ నేల. దక్కను నల్లరాయి యుగాల తరబడి వానకు నాని, ఎండకు మాగి, ఇనుమూ అల్యూమినియమూ మిగుల్చుకుని ఎర్రబడ్డ నేల. ఆ ఎరుపంతా ఇనుము తుప్పే. తుప్పులో ఎక్కువ భాగం అయస్కాంతానికి అంతగా లొంగదు కానీ, రాతిలోంచి వచ్చిన మాగ్నటైట్ రవ్వలు దాంట్లో కలిసి ఉంటాయి. నమ్మకం లేకపోతే పాత స్పీకర్ విప్పి తీసిన అయస్కాంతానికి కాగితం చుట్టి, వాన వెలిశాక బాట పక్కన ఎండిన మట్టిలో తిప్పి చూడండి. కాగితానికి నల్లటి నూగు పట్టుకుంటుంది. చిన్నప్పుడు అందరం ఆడిన ఆటే.

ఆ నూగుతోనే మైక్రోస్కోప్‌కు పేచీ. ఇందులో గాజు కటకాలుండవు. ఎలక్ట్రాన్లను ఒకచోటికి కూర్చేవి అయస్కాంత కటకాలు. వాటిలో చివరిది శాంపిల్‌కు కొద్ది మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. గట్టిగా అంటుకోని అయస్కాంత పొడి ఉన్నచోటి నుంచి లేచిపోయి ఆ కటకాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరు ఏం పెట్టి చూసినా బొమ్మ ఒక పక్కకు సాగిపోతుంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోయేది కాదు. కంపెనీ ఇంజినీరు రావాలి, విప్పాలి, శుభ్రం చేసి బిగించాలి, మళ్లీ వాక్యూమ్ ఎక్కించాలి. ఈలోగా స్లాట్లు తీసుకున్న పిల్లలందరి థీసిసులూ ఆగిపోతాయి. పొడి తెచ్చిన మనిషి అప్పటికే బొమ్మలు తీసుకుని ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. ల్యాబ్ నిబంధనల పత్రం చివరిదాకా చదివితే తెలిసేది ఇదే. అందులో సగం షరతులు పాటించేవాడి కోసం పెట్టినవి కావు. అతని వెనక వరసలో ఉన్నవాడి కోసం పెట్టినవి.

పంచుకోవడం ఈ యంత్రానికి మొదటి నుంచీ ఉన్న అలవాటు. 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ కలిసి తొలి నమూనా కట్టారు. 1939లో సీమెన్స్ కంపెనీ దాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1940లో, బయటి శాస్త్రవేత్తలు వచ్చి పని చేసుకుని పోవడానికి ఒక అతిథి ప్రయోగశాల తెరిచింది. ఆ సలహా రుస్కా వాళ్లదే. 1944 ఆఖరుకల్లా అక్కడి నుంచి దాదాపు 200 పరిశోధన వ్యాసాలు వెలువడ్డాయి. అదీ నెత్తిన యుద్ధం నడుస్తుండగా! రుస్కాకు నోబెల్ మాత్రం 1986లో, ఎనభైకి దగ్గరపడ్డాక ఇచ్చారు. మన దేశంలో శాస్త్ర సాంకేతిక శాఖ 1974లో ఇలాంటి ఉమ్మడి పరికరాల కేంద్రాలు మొదలుపెట్టింది. ఇప్పుడు వాటిని సైఫ్ అంటున్నారు.

మనకు అందే దూరంలో రుస్కా పేరుతోనే ఒక ల్యాబ్ ఉంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలోని రుస్కా ల్యాబ్స్. ఒకప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉండేది, రాష్ట్రం విడిపోయాక పి.వి. నరసింహారావు పేరున్న విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడికి పశువుల కణజాలమే వస్తుందనుకుంటే పొరపాటు. అక్కడ బొమ్మలు తీయించుకున్న బాటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ ఏ పరిశోధన వ్యాసమైనా తిరగేయండి, పని ఎలా చేశారో చెప్పే భాగంలో దాదాపు ఒకే పేరా తగులుతుంది. 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో నాలుగు డిగ్రీల చలిలో 24 గంటలు. ఆపైన 2 శాతం ఆస్మియం టెట్రాక్సైడ్‌లో 4 గంటలు. తర్వాత పలచనిదాని నుంచి చిక్కనిదాని దాకా వరసగా ఆల్కహాల్ స్నానాలు. క్రిటికల్ పాయింట్ డ్రైయింగ్. స్టబ్ మీద కార్బన్ టేప్. మూడు నిమిషాలు బంగారు పూత. ఆఖరున బొజోలా, రస్సెల్ పుస్తకం పేరు. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ ఆ పేరా కింద ఎర్రగీతలు గీస్తుందేమో కానీ, నాకు మాత్రం అంతమంది ఒకే గుమ్మం దాటి వచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ తతంగమంతా నీటి వల్లే. మైక్రోస్కోప్ లోపల గాలి ఉండదు. పచ్చి ఆకును అలాగే పెడితే అందులోని తడి ఆవిరై కణాలు కుంగిపోతాయి, ఆ ఆవిరి మిషన్‌నూ పాడు చేస్తుంది. అందుకే నీటి స్థానంలోకి ఆల్కహాల్, దాని స్థానంలోకి ద్రవ కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. 31 డిగ్రీల వేడి, 73 అట్మాస్ఫియర్ల ఒత్తిడి దాటించి దాన్ని మెల్లగా వదిలేస్తే ఆకు ఆకారం చెడకుండా ఎండుతుంది. ఇక ఆస్మియం ఆవిరి కంటికి తగిలితే కనుగుడ్డు మీది పొరే నల్లబడే ప్రమాదం. ఆ సీసా మూత విద్యార్థులు తీయకూడదంటే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. నేనైతే ఆ నిబంధనను ఇంకా పెద్ద అక్షరాల్లో రాయిస్తాను.

నేను చెప్పేది వృక్షశాస్త్రం. నా పొట్లంలో ఉండేవి కొర్రలు, సామలు, వరిగలు. ఎండిన గింజకు ఈ స్నానాలేవీ అక్కర్లేదు. రూపాయి బిళ్లకన్నా చిన్న అల్యూమినియం స్టబ్, దాని మీద రెండు వైపులా అంటుకునే నల్లటి కార్బన్ టేప్, ఫోర్సెప్స్‌తో పట్టి పెట్టిన నాలుగు గింజలు, అంతే. ఈ పని చేసేటప్పుడు ఆపరేటర్ పక్కనే నిలబడి చూస్తాడు.

"గట్టిగా అంటిందా మేడం?"

"అంటింది సార్."

ఆ మాట మీద ఆయన పోడు. కెమెరా లెన్సులు దులిపే రబ్బరు బుడ్డి తీసుకుని స్టబ్ మీద రెండుసార్లు గాలి కొడతాడు. గింజ కదిలిందా, మళ్లీ మొదటికే. ఆ తర్వాత స్టబ్ ఎత్తు కొలుస్తాడు. శాంపిల్ ఎత్తుగా ఉంటే పైకి జరిపేటప్పుడు డిటెక్టర్‌కు గుద్దుకుంటుంది. చేతికి గ్లోవ్స్ లేకుండా హోల్డర్ ముట్టుకోనివ్వడు. వేలి జిడ్డు వాక్యూమ్‌లో ఆవిరై లోపలి గోడలకు పడుతుంది, బీమ్ తగిలినచోటల్లా నల్లటి మరకగా తేలుతుంది. ఎవరి వేలో ఎవరికీ తెలియదు.

ఇంత చేశాక తెర మీద కొర్ర పొట్టు కనిపిస్తుంది. కంటికి నున్నగా మెరిసే ఆ పొట్టు మీద వరసలు తీరిన బుడిపెలుంటాయి. పక్కనే వరిగ గింజ పెడితే అది నిజంగానే నున్నన. బంగారు పూత సరిగా పడని అంచులు తెల్లగా మండినట్టు కనిపిస్తాయి, దాన్నే చార్జింగ్ అంటారు. ఏ మూలకం ఎంత ఉందో చూపే ఈడాక్స్ పెడితే సిలికాన్ గీత నిటారుగా లేస్తుంది. గడ్డిజాతి మొక్కలు నేలలోంచి తాగిన ఇసుక సారాన్ని పొట్టులో దాచుకుంటాయి. పొట్టు కుళ్లిపోయినా ఆ సిలికా అచ్చులు నేలలో వేల ఏళ్లు మిగులుతాయి. కొర్ర అచ్చు గ్రీకు ఒమేగా ఆకారంలో, వరిగ అచ్చు ఈటా ఆకారంలో వంపులు తిరిగి ఉంటుందని 2009లో చైనా పరిశోధకులు చూపించారు. పాత తవ్వకాల్లో దొరికిన బూడిద చూసి అక్కడివాళ్లు ఏ గింజ తిన్నారో చెప్పడానికి అదొక ఆధారం. మన ఆడవాళ్లు చాటలో చెరిగి పారబోసే పొట్టే అది.

నిబంధనల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది లాగ్‌బుక్. తేదీ, పేరు, గైడ్ పేరు, శాంపిల్, వోల్టేజి, ఫిలమెంట్ గంటలు, చివర రిమార్క్స్. ఆ ఆఖరి గడిలో 'ఓకే' అని రాసి లేచిపోవడం మామూలు. అప్పుడప్పుడూ ఒకరు మాత్రం, ఫోకస్ మారుస్తుంటే బొమ్మ పక్కకు జరుగుతోందని ఒక వాక్యం రాసి పోతారు. ఆ ఒక్క వాక్యంతో మర్నాటి మనిషికి పూట కలిసొస్తుంది. మంచి ల్యాబుల్లో తప్పు జరిగిందని చెప్పినవాళ్లకు జరిమానా ఉండదు, దాచినవాళ్లకే ఉంటుంది. ఎలక్ట్రాన్లను పుట్టించే టంగ్‌స్టన్ ఫిలమెంట్ తరచు వంద గంటల లోపే కాలిపోయే వస్తువు. అది ఎవరి స్లాట్‌లో పోతుందో దేవుడికే తెలియాలి. అందుకని దాని ఖరీదు అప్పుడు కూర్చున్నవాడి నెత్తిన రుద్దకుండా అందరి గంట ఫీజులోనూ కలిపేస్తారు. ఆ లెక్క ఎవరు వేశారో కానీ న్యాయం తెలిసిన మనిషి.

పెన్‌డ్రైవ్ మీది నిషేధం గురించి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు గొణుగుతారు. మిషన్‌ను నడిపే కంప్యూటర్ తరచు పాతకాలపు విండోస్‌తో ఉంటుంది, దాన్ని కదిలిస్తే కంపెనీ ఒప్పుకోదు. ఒక్క వైరస్ దూరితే కోట్ల మిషన్ నోరు మూసుకుంటుంది. గొణుక్కోనివ్వండి.

ఫీజులు మూడు రకాలు. సొంత విద్యార్థులకు ఒకటి, ఇతర విద్యాసంస్థలకు ఒకటి, కంపెనీలకు ఒకటి. దాంతో నాకు పేచీ లేదు. వ్యాసంలో ఎవరి పేరుండాలన్న దగ్గర మాత్రం ఉంది. ఫీజు కట్టి తీయించుకున్న బొమ్మకు ఆపరేటర్ పేరు రచయితల్లో పెట్టనక్కర్లేదన్నది అంతటా ఉన్న పద్ధతి. సరే. కానీ బొమ్మలో కనిపించేది శాంపిల్ కాదు, పూత పగులు అని గుర్తుపట్టి వ్యాసాన్ని కాపాడిన మనిషి పేరు ఆఖరి కృతజ్ఞతల్లో కూడా ఉండదు. ల్యాబ్ పేరు వేసి ఊరుకుంటారు. అక్కడ పేరు రాయడం తప్పనిసరి అని ఒక లైను చేరిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

ఇక నా అసలు ఫిర్యాదు. ఈ నిబంధనలు రాసినవాళ్ల మనసులో ఉన్న విద్యార్థి హాస్టల్ నుంచి నడిచి వచ్చేవాడు. 24 గంటల ముందు రద్దు చేసుకోకపోతే ఫీజు తిరిగి రాదు. మిషన్ చెడితే ఆ కబురు క్యాంపస్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది. మేం మాత్రం జహీరాబాద్‌లో తెల్లవారకముందే బస్సెక్కి, వంద కిలోమీటర్లు వచ్చి, పటాన్‌చెరు ట్రాఫిక్‌లో గంట నలిగి, గేటు దగ్గరికి చేరాక తెలుసుకుంటాం. ఒక ల్యాబ్ దగ్గర ఇలాగే జరిగింది. మా విద్యార్థిని ఐస్ డబ్బాలో శాంపిల్స్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. రిసెప్షన్‌లో ఉన్నాయన సానుభూతితో నీళ్లిచ్చాడు. స్లాట్ మాత్రం మళ్లీ దరఖాస్తుతో మొదలు.

ఢిల్లీ కాగితాల మీద అంతా బాగానే ఉంది. దేశంలో ఏ పరికరం ఎక్కడుందో చూసి స్లాట్ అడగడానికి ఐ-స్టెమ్ పోర్టల్ 2020 జనవరిలో వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో కొన్న ఖరీదైన పరికరాలను బయటివాళ్లకూ అందుబాటులో ఉంచాలని శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటి పేరు కుదించి శ్రీమాన్ అన్నారు. పేరు పెట్టినవాళ్లకు దండం. శ్రీమాన్‌గారు తలుపు తెరిచారు కానీ, వచ్చేవాళ్ల బస్సు టైము అడగలేదు.

అడగడం ఎలాగో తెలుసుకోవాలంటే జహీరాబాద్ దాటి పోనక్కర్లేదు. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. చుట్టుపక్కల ఊళ్ల సంఘం ఆడవాళ్లు నడిపే విత్తనాల బ్యాంకుల్లో వేప ఆకు, బూడిద కలిపి బుట్టల్లో పెట్టి మట్టితో మెత్తిన విత్తనముంటుంది. ఒక కొలత తీసుకుంటే పంటయ్యాక రెండు కొలతలు తిరిగివ్వాలి. నిబంధన అంతే, గట్టిదే. కానీ అది పెట్టింది విత్తనం కావలసినవాళ్లే. ఏ నెలలో తీసుకోవాలో, వాన ముంచితే ఏం చేయాలో కూర్చుని మాట్లాడుకున్నదీ వాళ్లే. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి పొందిన సంస్థ ఇది. మైక్రోస్కోప్ కమిటీలను చూడండి. ప్రొఫెసర్లుంటారు, ఫైనాన్స్ ఆఫీసర్ ఉంటాడు, కంపెనీ వ్యక్తి కూడా కనిపిస్తాడు. బయటి కాలేజీ విద్యార్థి ఒక్కరూ ఉండరు.

యంత్రం జోలికి వచ్చే నిబంధన ఒక్కటీ సడలించమని నేను అడగను. గ్లోవ్స్ ఉండాలి, గాలి కొట్టి చూడాలి, ఆస్మియం సీసాకు తాళం ఉండాలి. అడిగేవి వేరే. వారంలో ఒక రోజు బయటివాళ్లకు కేటాయించి ఆ రోజు తొలి స్లాట్ పదకొండుకు మొదలుపెట్టండి. మిషన్ చెడితే స్లాట్ ఉన్నవాళ్లకు ముందు రోజు సాయంత్రంలోగా ఫోన్ చేయండి, వాళ్ల ఫీజు తర్వాతి తేదీకి మార్చండి. కమిటీలో ఒక కుర్చీ బయటి విద్యార్థికి వేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ ఏడాది మా కాలేజీ నుంచి వెళ్లే దరఖాస్తులతోపాటు ఇవన్నీ ఒక ఉత్తరంలో రాసి పంపుతున్నాం. జవాబు వస్తే ఈ కాలమ్‌లోనే చెబుతాను.