డ్రోసెరాను పీకొద్దు, పెంచుదాం

డిగ్రీలో బోటనీ చదివినవాళ్లకు హెర్బేరియం షీటు గుర్తుండే ఉంటుంది. మొక్కను వేళ్లతో సహా పెకలించి, పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టి, అట్టకు అతికించి మార్కుల కోసం ఇచ్చేవాళ్లం. గడ్డిచామంతికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. డ్రోసెరాకు ఉంది.

శేషాచలం కొండల్లో నీరు ఊరే ఇసుక నేలల మీద ఎర్రగా పరుచుకునే చిన్న మొక్క ఇది. డ్రోసెరా బర్మన్నై అనే జాతి అయితే మొక్కంతా కలిపి రూపాయి బిళ్లంత. ఆకు వెంట్రుకల కొసల్లో జిగురు బొట్లుంటాయి. దోమ వాలిందా, అంచు వెంట్రుకలు క్షణాల్లో లోపలికి వంగుతాయి. నేలలో దొరకని నత్రజనిని పురుగు నుంచి రాబట్టుకుంటుంది. టూరుకొచ్చిన క్లాసంతా తలా ఒకటి పీకితే ఆ జాగాలో విత్తనానికి కూడా మిగలదు.

పెంచడం మాత్రం పిల్లలు నేర్చుకోగలిగిన పనే. మిగతా మొక్కలకు చేసే సేవలు దీనికి మానుకోవాలి, అంతే. ఎరువు వద్దు. బోరు నీళ్లలోని లవణాలు దీన్ని చంపేస్తాయి, వాననీళ్లు పట్టి దాచుకోవాలి. ఉప్పు పోయేదాకా కడిగిన కొబ్బరిపొట్టులో ఇసుక కలిపి, కుండీని నీళ్ల పళ్లెంలో ఉంచాలి. ధూళిలాంటి విత్తనాన్ని పైపైన చల్లి వెలుతురు తగలనివ్వాలి. బర్మన్నై తన పుప్పొడితో తానే విత్తనం కడుతుంది. అందుకే అటవీశాఖ అనుమతితో ఒకటి రెండు ఎండుకాయలు తెచ్చుకుంటే చాలు, మళ్లీ కొండెక్కాల్సిన పని ఉండదు. మొలకల మీద తొలి జిగురు బొట్టు మెరిసిన రోజు పిల్లల ముఖాలు చూడాలి! ఏ పాఠానికీ నేనంత ఉత్సాహం చూడలేదు.

పురుగులను తినే మొక్కలన్నీ పెంచడం ఇంత సులువు కాదు. మేఘాలయలోని నెపెంథిస్ ఖాసియానాకు ఆడ, మగ మొక్కలు వేరు. ఒకే మొక్క కొమ్మలు నాటి ఎన్ని కుండీలు నింపినా విత్తనం రాదు. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ అదొక్కటే, అదీ అంతరించే ప్రమాదంలో ఉంది.

డ్రోసెరా కుండీలో పెరిగినంత మాత్రాన కొండ మీది ఊటనేల భద్రంగా ఉన్నట్టు కాదు. ఆ నేలను కాపాడుకోవాల్సిందే. విత్తనం ఎక్కడిదో కుండీ మీద రాసిపెట్టాలి. ఒక కొండ విత్తనాన్ని తీసుకెళ్లి ఇంకో కొండ మీద చల్లకూడదు.

బోటనీ లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది నుంచి డ్రోసెరా హెర్బేరియం షీటు అడగకండి. కుండీలో పెంచిన మొక్కకూ, కొండ మీద తీసిన ఫొటోకూ అవే మార్కులు వేయండి.