అర సెకను కోసం

ఎండలు ముదిరితే లోలకం గడియారం వెనకబడుతుంది. వేడికి ఉక్కు ఊచ సాగుతుంది, పొడవు పెరిగిన లోలకం నిదానంగా ఊగుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు సెకనులో ఊగే లోలకం పొడవు దాదాపు మీటరు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే చాలు, అది రోజుకు సుమారు అర సెకను పోగొట్టుకుంటుంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో గడియారాల పనివాళ్లు ఆ అర సెకను కోసం ఏళ్లకేళ్లు ధారపోశారు.

లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో కొట్టు పెట్టుకున్న జార్జ్ గ్రాహమ్ లోలకం గుండు స్థానంలో పాదరసం నింపిన పాత్ర అమర్చాడు. ఊచ కిందికి సాగిన మేరకు పాదరసం పైకి ఉబ్బుతుంది. బరువు ఉన్నచోటే ఉంటుంది. పాత గడియారాల్లో సెకన్ల ముల్లు ప్రతి అడుగుకూ కాస్త వెనక్కి తూలేది. గ్రాహమ్ తీర్చిన పళ్ల చక్రం తూలకుండా ఠక్కున ఆగుతుంది.

అదే కాలంలో లింకన్‌షైర్ పల్లెలో జాన్ హారిసన్ అనే వడ్రంగి గడియారాలు కర్రతో చేస్తున్నాడు. ఓక్ చక్రాల పళ్లు విరక్కుండా కర్ర ఈనె ప్రతి పంటిలోనూ బయటివైపు సాగేలా ముక్కలు అతికాడు. ఆ రోజుల్లో నూనె చిక్కబడితే గడియారం మొరాయించేది. హారిసన్ అసలు నూనె అవసరమే లేకుండా చేశాడు. ఒరుసుకునే చోట్ల లిగ్నమ్ వైటే అనే అమెరికా ఉష్ణమండలపు కర్ర వాడాడు. దాని చేవలోనే జిడ్డు ఉంటుంది. 1722 ప్రాంతంలో బ్రాక్లెస్‌బీ పార్కులో అతను పెట్టిన గడియారం చుక్క నూనె లేకుండా మన కాలం దాకా నడిచింది. అతని పనితనానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు కనబడదు.

లోలకానికి అతను ఉక్కు, ఇత్తడి ఊచలు తొమ్మిది పక్కపక్కన నిలబెట్టాడు. ఉక్కు గుండును కిందికి దించితే, ఎక్కువ సాగే ఇత్తడి అంతే మేర పైకి ఎత్తుతుంది. లోహం గుణాన్ని మార్చలేదు, ఒకదాని లోపాన్ని రెండోదానితో సరిచేశాడు.

1730 ప్రాంతంలో హారిసన్ తన నమూనాలతో గ్రాహమ్ దగ్గరికి వెళ్లాడు. తన కిటుకులు ఎక్కడ చెయ్యి జారతాయోనని భయం. ఇద్దరూ పొద్దున కూర్చుంటే రాత్రి దాకా మాట్లాడుకున్నారు. గ్రాహమ్ వడ్డీ లేకుండా డబ్బు అప్పిచ్చి పంపాడు. పోటీదారుడని చూడలేదు. ఆ వృత్తి ధర్మం ఎంత గొప్పదో!

హారిసన్ తలపెట్టింది ఓడలో నడిచే గడియారం. నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే రేవు సమయం చెప్పే గడియారం ఓడలో ఉండాలి. నాలుగు నిమిషాలు తప్పితే ఒక డిగ్రీ తప్పినట్టే. ఊగే ఓడలో లోలకం పనికిరాదు. అందుకని హారిసన్ చివరికి 13 సెంటీమీటర్ల వెడల్పున్న, స్ప్రింగుతో నడిచే గడియారం చేశాడు. 1761లో జమైకాకు బయలుదేరిన ఓడలో, 81 రోజుల్లో దాని తేడా సుమారు ఐదు సెకన్లు.

లోలకం గడియారంతోనే 100 రోజులకు సెకను లోపు తేడా సాధించవచ్చని హారిసన్ 1775లో రాస్తే పిచ్చి మాటలని కొట్టిపారేశారు. మన కాలంలో అతని పద్ధతిలో కట్టిన గడియారాన్ని గ్రీనిచ్‌లో సీలు వేసి పరీక్షించారు. 2015లో ఫలితం తేలింది: 100 రోజుల్లో సెకనైనా తేడా రాలేదు.