కుడి పక్కన ఎవరి ఫొటో?

బాన్సువాడ బస్టాండు దగ్గర ఈ వారం కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీలో ‘హార్దిక’ చూశారా? ద వత్తు కింద కుదురుకోక పక్కకొచ్చి నిలబడింది. ఫ్లెక్సీల మీద నా గోల మీకు కొత్త కాదు. బ్రష్షు పట్టిన రోజుల్లో ఒక్కో పెయింటరు రాసిన ‘అ’కు ఒక్కో నడుము ఉండేదని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను.

అందుకే హనీఫ్ ఖురేషీ అంటే నాకు అభిమానం. ప్రకటనల రంగంలో పనిచేసిన ఆయన వీధి పెయింటర్ల అక్షరాలను ఫాంట్లుగా మార్పించి, వాటికి ఆ పెయింటర్ల పేర్లే పెట్టాడు. ఆయనా మరికొందరూ కలిసి పెట్టిన స్టార్ట్ ఇండియా సంస్థే 2016లో హైదరాబాద్ ఎంఎస్ మక్తా గోడలకు బొమ్మలు వేయించింది. 2024లో ఆయన పోయాడు. ఇక చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ సంగతి. కదిరేనిగూడెం మనిషి. సైన్‌బోర్డులు రాశాడు, పత్రికలకు బొమ్మలేశాడు, పుస్తకాలకు అట్టలు గీశాడు. 2014లో కాకతీయ తోరణం, చార్మినార్ కలిపి మన తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసిందీ ఆయనే.

ఇదంతా ఆ ఫ్లెక్సీ చేసిన షాపు కుర్రాడికి చెప్పి సిగ్గుపడేలా చేద్దామనే వెళ్లాను. అతను తల ఎత్తలేదు. తెర మీద ఇరవైకి పైగా తలకాయలు. పైన పెద్ద నాయకులు, కుడి పక్కన నిలువెత్తు బర్త్‌డే బాయ్, కింద వరసల్లో శుభాకాంక్షలు చెప్పేవాళ్లు. ఒక ఫొటోను వేలెడంత జరిపాడు.

“గీయన మండలం లీడర్ సార్. వార్డు మెంబర్ కన్న చిన్నగ పడితే రాత్రికి లొల్లి.”

“మరి ఆ వత్తు?”

“మేటర్ వాట్సాప్‌ల వస్తది. కోరల్‌డ్రాల పేస్ట్ చేస్తే వత్తులు ఊడుతయి. అను ఫాంటుల మళ్ల కొట్టాలె. గంటల ప్రింట్ గావాలంటరు, ఎప్పుడు కొట్టాలె?”

ఎవరి తల ఎంత, ఎవరి పక్కన ఎవరు, కంటికి ముందు ఏది పడాలి: డిజైన్ కాలేజీలో నేర్పేదీ ఇదే కదా. లక్ష్మణ్ ఇవాళ బాన్సువాడలో ఇరవై ఏళ్ల కుర్రాడైతే బహుశా ఈ కుర్చీలోనే ఉండేవాడు. ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన రేటుంది. డిజైన్ మాత్రం దాంతోపాటు ఉచితమట! ఉచితంగా చేసే పనిలో వత్తులు సరిచూడమని అడగడానికి నాకు నోరు రాలేదు. బిల్లులో డిజైన్‌కు ఒక వరస పెట్టేదాకా ఇక షాపు ఓనర్లనే సతాయిస్తా.