వానకు నిలిచే గురి

డాబా మీది డిష్ సరిగ్గా కుదిరిందో లేదో టీవీలో బొమ్మను చూసి చెప్పలేం. ఎండ కాస్తున్న పూట అరకొరగా తిప్పి వదిలేసిన డిష్ కూడా చక్కటి బొమ్మే ఇస్తుంది. తేడా తెలిసేది జూలైలో, ముసురు పట్టిన సాయంత్రం. ఒక ఇంట్లో వార్తలు సాగుతూనే ఉంటాయి. పక్కింట్లో అదే సైజు డిష్, అదే రకం బాక్స్, కానీ తెర గళ్లుగళ్లుగా విరిగి, మాట తెగి, చివరికి ‘నో సిగ్నల్’ అని వచ్చి ఊరుకుంటుంది. సామాను ఒకటే. బిగించిన చెయ్యి వేరు. ఆ చేతి పని ఎంత సున్నితమైందో చాలామందికి తెలియదు. నాకు మాత్రం అది చూసిన కొద్దీ గౌరవం పెరుగుతోంది.

మా మండలంలో డీడీ ఫ్రీ డిష్‌లు బిగించే మెకానిక్ ఒకతను ఉన్నాడు. అతను పనిచేస్తుంటే డాబా ఎక్కి నిలబడి చూడడం నాకు ఇష్టం. ఫ్రీ డిష్ సంగతి తెలిసిందే. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో దూరదర్శన్ మొదలుపెట్టింది. డిష్, దాని ముందు సిగ్నల్ పట్టుకునే ఎల్‌ఎన్‌బీ, బాక్స్, కేబులు ఒకసారి కొనుక్కుంటే చాలు, నెలనెలా చందా లేదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, పిల్లలకు పాఠాలు చెప్పే చానెళ్లు, ఇంకా ఎన్నో వస్తాయి. ఇవన్నీ దిగి వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ దాన్ని పైకి తీసుకెళ్లింది. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున అది భూమితో పాటే తిరుగుతూ ఉంటుంది. కాబట్టి మన డాబా మీంచి చూస్తే ఎప్పుడూ ఒకే చోట ఉన్నట్టు లెక్క. కంటికి కనిపించని ఆ చోటికి ఇనుప రేకును గురిపెట్టి, ఏళ్ల తరబడి ఆ గురి చెదరకుండా బిగించడమే ఇతని పని.

ఇంట్లోకి రాగానే అతను అడిగే మొదటి మాట, “వంటిల్లు ఏ మూలమ్మా?” అని. వాస్తు ప్రకారం కట్టిన ఇంట్లో వంటిల్లు ఆగ్నేయంలో ఉంటుంది. హైదరాబాద్ నుంచి చూస్తే జీశాట్-15 ఉండే దిక్కు ఉత్తరం నుంచి సవ్యంగా లెక్కిస్తే 138 డిగ్రీలు, అంటే కచ్చితమైన ఆగ్నేయానికి మూడు డిగ్రీలే తేడా. విజయవాడలో అది 141 దాకా వస్తుంది. విశాఖపట్నం తూర్పుకు జరిగి ఉంది కనుక అక్కడ 149, దాదాపు దక్షిణాగ్నేయం. తిరుపతిలో 133. ఒక ఊళ్లో నేర్చుకున్న చెయ్యి ఇంకో ఊళ్లో అలాగే పనికి రాదన్నమాట. వంటింటి మూల అతనికి తొలి అంచనా మాత్రమే. తర్వాత ఫోన్‌లో దిక్సూచి తీస్తాడు. అదీ డిష్‌కు దూరంగా నిలబడి చూస్తాడు, ఇనుము దగ్గరుంటే ముల్లును పక్కకు లాగేస్తుందని.

దిక్కు తేలాక చాలామంది గోడ ఎక్కడుందా అని వెతుకుతారు. ఇతను ముందు ఆకాశం చూస్తాడు. కొబ్బరి చెట్టు ఎంత దూరంలో ఉంది, పక్కవాళ్లు పై అంతస్తుకు పిల్లర్ల చువ్వలు వదిలారా, ఈ వేపకొమ్మ రెండేళ్లలో ఎక్కడిదాకా వస్తుంది? హైదరాబాద్‌లో ఉపగ్రహం 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది, విశాఖలో 66. అంటే బాగా తల ఎత్తి చూడాల్సినంత పైన. కాబట్టి దూరపు చెట్లతో ఇబ్బంది లేదు, దగ్గరి కొమ్మతోనే. ఇంటివాళ్లు కిందికి కనిపించకుండా మెట్ల గది వెనక పెట్టమంటే, “అక్కడైతే ఈ వేసవికి బాగానే వస్తుంది పిన్నిగారూ, పై వేసవికి కొమ్మ అడ్డం పడుతుంది” అని మెత్తగా చెప్పి చోటు మారుస్తాడు.

ఈ డిష్‌ల తయారీలోనే ఒక చమత్కారం ఉంది. దూరం నుంచి చూస్తే డిష్ ఆకాశంలో ఓ నలభై డిగ్రీల ఎత్తుకు చూస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అది చూస్తున్నది 63 డిగ్రీల పైకి. పెద్ద పారాబోలా గిన్నెలో నడిమి భాగం వదిలేసి, ఒక పక్క ముక్కను మాత్రం తీసుకుని చేసిన రేకు ఇది. అందుకే ఎల్‌ఎన్‌బీ రేకుకు ఎదురుగా కాక, కింద చేయి చాచినట్టున్న కడ్డీ చివర ఉంటుంది. దాని నీడ రేకు మీద పడదు, నీడ వల్ల సిగ్నల్ వృథా కాదు. రేకు కొంత నిటారుగా ఉంటుంది కాబట్టి వాననీళ్లు నిలవవు, దుమ్ము అంతగా పేరుకోదు. ఇంత తెలివి ఇంత మామూలు వస్తువులో దాగి ఉండడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇక బిగింపు. పాత పిట్టగోడ ఇటుకలో బోల్టు దిగ్గొడితే రెండు గాలివానలకు ఊడి చేతికొస్తుంది. ఇతను స్లాబు కాంక్రీటు వెతుక్కుని, డ్రిల్లుతో రంధ్రాలు వేసి, లోపలి పొడి ఊదేసి, యాంకర్ బోల్టులు దించుతాడు. అప్పుడు సంచిలోంచి తాపీమేస్త్రీల రసమట్టం తీస్తాడు. గొట్టం నిలువుగా ఉందా అని ఒక పక్క, దానికి అడ్డంగా ఇంకో పక్క ఆనించి చూస్తాడు. తొందరలో ఉన్నవాళ్లు వదిలేసేది ఈ అడుగునే. గొట్టం ఒక పక్కకు వాలితే డిష్‌ను ఎడమకూ కుడికీ తిప్పినప్పుడల్లా దాని ఎత్తు కోణం కూడా మారిపోతుంది. రెండు కొలతలు ఒకదాన్ని ఒకటి చెడగొట్టుకుంటాయి, గంటసేపు తిప్పినా గురి దొరకదు. నిలువు సరిగ్గా ఉంటే ఎత్తు ఒకసారి పెట్టేసి, పక్కలకు మాత్రం తిప్పుకుంటూ పోవచ్చు.

తిప్పడం అంటే ఎంత? అరవై సెంటీమీటర్ల డిష్ అంచు ఒక సెంటీమీటరు జరిగితే గురి దాదాపు రెండు డిగ్రీలు మారుతుంది. ఒక్క డిగ్రీ తప్పితే పైన ఆ దూరంలో అది ఆరు వందల కిలోమీటర్లు దాటుతుంది. డిష్ చూపు వెడల్పే మూడు డిగ్రీల పైచిలుకు. పైగా జీశాట్-15కు ఒకటిన్నర డిగ్రీ పక్కనే, 95 డిగ్రీల దగ్గర ఎస్‌ఈఎస్-8 అనే ఇంకో ఉపగ్రహం ఉంది. చేతి మీటరు ‘కీ’మని గట్టిగా అరిచిందంటే ఏదో ఉపగ్రహం దొరికిందని మాత్రమే అర్థం. ఏది దొరికిందో ఆ చిన్న మీటరుకు తెలియదు. అందుకే బాక్స్ మెనూలో రెండు గీతలు ఉంటాయి, స్ట్రెంగ్త్, క్వాలిటీ. డిష్ ఆకాశంలో ఎటు తిరిగినా స్ట్రెంగ్త్ గీత ఎంతో కొంత చూపిస్తూనే ఉంటుంది. బాక్స్‌కు తాను వెతుకుతున్న ఉపగ్రహం మాట అర్థమైనప్పుడే క్వాలిటీ గీత లేస్తుంది. ఇతను మొదటిదాన్ని చూడనే చూడడు.

కింద టీవీ ముందు ఇంట్లోవాళ్ల అబ్బాయి, పైన ఇతను. “వచ్చిందా?” “లేదన్నా.” “ఇప్పుడు?” “ఆఁ... వచ్చింది! డెబ్బై... అయ్యో, పోయింది.” ఈ కేకలు మన ఊళ్లలో ఎవరు వినలేదు? కానీ డెబ్బై రాగానే మిగతావాళ్లు నట్టు బిగించేస్తారు. ఇతను ఆగడు. క్వాలిటీ పెరిగి పెరిగి ఒక చోట నిలకడగా ఉంటుంది. ఆ శిఖరం చదునుగా ఉండడం వల్ల దాని నడిమి బిందువు ఎక్కడో నేరుగా తెలియదు. అందుకని కావాలని దాటిపోతాడు. ఎడమ పక్క క్వాలిటీ పడిపోయిన చోట గొట్టం మీద స్కెచ్ పెన్నుతో గీత, కుడి పక్క అంతే పడిపోయిన చోట ఇంకో గీత. ఆ రెండు గీతల సరిగ్గా నడుమకు డిష్‌ను తెచ్చి నిలుపుతాడు. ఎత్తు కోణానికీ అదే పద్ధతి. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. శిఖరాన్ని వెతకడం మానేసి, రెండు వాలులను కొలిచి శిఖరాన్ని రాబట్టడం. అతను చదివింది పదో తరగతి. ఇది ఎవరూ చెప్పలేదట, చేస్తూ చేస్తూ తెలిసిందట.

బిగించేటప్పుడు కూడా ఒక నట్టును పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లడు. పానాతో అటు పావు తిప్పు, ఇటు పావు తిప్పు. నట్టు బిగుసుకునేటప్పుడు రేకును తనతో పాటు లాగుతుంది కదా. చివరి తిప్పు అయ్యాక కూడా కింద అబ్బాయిని అంకె ఇంకోసారి చదవమంటాడు.

తర్వాత ఎల్‌ఎన్‌బీ. ఉపగ్రహం నేరుగా దక్షిణాన లేదు కాబట్టి అక్కడి నిలువు తరంగం ఇక్కడికి వాలి వస్తుంది. ఆ వాలుకు తగ్గట్టు ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే తిప్పాలి. చాలా ఇళ్లలో అది కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది, బొమ్మ వస్తోంది కదా అని. ఇతను దాన్నీ ఎడమకూ కుడికీ తిప్పి, అంకె పెరిగిన చోట వదులుతాడు. లోపల ఒకదానికొకటి లంబంగా రెండు సన్నటి కడ్డీలుంటాయి. కింద బాక్స్ అదే కేబులు మీద 13 వోల్టులు పంపితే ఒకటి వింటుంది, 18 పంపితే రెండోది వింటుంది. పైనుంచి వచ్చే 11,550 మెగాహెర్ట్జ్ తరంగం కేబులులో దిగి రాలేదు, దారిలోనే ఆవిరవుతుంది. అందుకని ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9,750 తగ్గించి 1,800 చేసి కిందికి పంపుతుంది. కరెంటు పైకి, సిగ్నల్ కిందికి, అన్నిటికీ ఒకటే తీగ.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ‘సైట్’ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు నేరుగా అందాయి. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అప్పటి డిష్ పది అడుగులు, కోళ్లగూళ్లకు వాడే ఇనుప వలతో చేసింది. ఊరంతటికీ ఒక్క టీవీ. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలవడానికి ముందే మన పల్లె ఆకాశం నుంచి బొమ్మను దించుకుంది. ఇప్పటి రెండడుగుల రేకు ఆ పది అడుగుల వల చేసిన పని చేస్తోందంటే అది ఎక్కువ ఫ్రీక్వెన్సీ, బలమైన ఉపగ్రహం, డిజిటల్ పద్ధతి కలిసి సాధించినది.

కేబులు చివర కనెక్టరు బిగించేటప్పుడు అతని చేతులు చూడాలి. ఆర్‌జీ-6 కేబులు పై తొడుగు కోసి, అల్లిక తీగలను వెనక్కి మడుస్తాడు. ఒక్క వెంట్రుకంత తీగ నడిమి రాగి కడ్డీకి తగిలినా వోల్టేజీ షార్టవుతుంది, డిష్ మూగబోతుంది. అందుకే ఎండకు ఎత్తిపట్టి చూస్తాడు. ఎఫ్ కనెక్టరులో నడిమి రాగే పిన్నుగా పనిచేస్తుంది. కాబట్టి అది కనెక్టరు అంచు కంటే కొద్దిగానే పైకి రావాలి, పొట్టిగా ఉంటే అందదు, పొడుగ్గా ఉంటే లోపల వంగుతుంది. మధ్యలో అతుకు వేయడు. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబులును ఒక చుట్టు కిందికి వేలాడదీసి పైకి తెస్తాడు, నీళ్లు ఆ వంపు అడుగున జారి పడిపోతాయి, కనెక్టరులోకి పాకవు.

కింద బాక్స్ చేసే పని మాటల్లో చెప్పలేనంత వేగంగా జరుగుతుంది. ఆకాశం నుంచి వచ్చే అంకెలు 188 బైట్ల పొట్లాలుగా వస్తాయి. ప్రతి పొట్లానికీ పైన ఇంకో 16 బైట్లు తోడు పంపుతారు. దారిలో ఎనిమిది బైట్ల దాకా పాడైనా ఆ తోడు బైట్లతో బాక్స్ వాటిని ఉన్నదున్నట్టు తిరిగి రాబడుతుంది. మనకు తెలియనే తెలియదు. తొమ్మిదోది పాడైతే ఆ పొట్లం ఇక దక్కదు, తెర మీద గళ్లు మొదలవుతాయి. పాత అనలాగ్ టీవీలో చుక్కలు పడుతూ పడుతూ బొమ్మ మసకబారేది. డిజిటల్‌లో అలా కాదు, అంచుదాకా నిండు బొమ్మ, అంచు దాటితే ఏమీ లేదు. అందుకే ఎండ పూట బాగా బిగించిన పనికీ అరకొర పనికీ తేడా కనపడదు. వానచినుకులు ఈ రెండున్నర సెంటీమీటర్ల తరంగాలను మింగేసి సిగ్నల్‌ను తగ్గించినప్పుడు, అంచుకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారో బయటపడుతుంది. కుండపోతకు ఎంత మంచి డిష్ అయినా కాసేపు ఆగుతుంది. మామూలు వానకు ఆగకూడదు.

ఇంకో ముచ్చట. మార్చి నెలలో కొన్ని రోజులు, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి రోజుల్లో, పొద్దున పదకొండు ప్రాంతంలో కొన్ని నిమిషాలు బొమ్మ చెదురుతుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. డిష్ ముట్టుకోకండి, దానంతటదే సర్దుకుంటుంది. ఆ వేళ డాబా మీదికెళ్లి రేకును చూడండి. ఏ కొమ్మ నీడైనా దాని మీద పడుతుంటే అదే మీ సిగ్నల్‌కు అడ్డం.

వెళ్లే ముందు అతను ఇంట్లో పెద్దావిడ చేతికి రిమోట్ ఇచ్చి, ఆటో స్కాన్ ఆమె చేతే చేయిస్తాడు. ఫ్రీ డిష్‌లో చానెళ్లు మారుతుంటాయి, ఇది తెలిస్తే ఎవర్నీ పిలవనక్కర్లేదు. టీవీలో మనుషులు అడ్డంగా సాగి కనిపిస్తుంటే స్క్రీన్ సైజు ఎక్కడ మార్చాలో కూడా చూపిస్తాడు.

మీ ఇంటికి డిష్ బిగించడానికి ఎవరైనా వస్తే బొమ్మ రాగానే డబ్బు చేతిలో పెట్టి పంపేయకండి. క్వాలిటీ అంకె ఇంకా పెరుగుతుందేమో అటూ ఇటూ దాటి చూడమనండి, గొట్టం నిలువు చూడమనండి, అందుకు పట్టే సమయానికి తగ్గ కూలి ఇవ్వండి.