16 సెకన్ల అల

వచ్చే వారం శ్రీలంక తూర్పు తీరంలోని అరుగం బేకి ప్రయాణం. సర్ఫింగ్ కొత్తగా మొదలెట్టిన మా బావమరిదికి రోజూ ఒకటే ఆరా: "బావా, అలలు ఎంత ఎత్తుంటాయి?" ఫోన్‌లో అలల అంచనా యాప్ తీసి చూపిస్తాను. 1.2 మీటర్లు, 16 సెకన్లు, 190 డిగ్రీలు. మొదటి అంకె చూసి "ఇంతేనా!" అని పెదవి విరుస్తాడు.

నేను చూసేది రెండోది. ఒక అల వెళ్లాక వెనకాల అల రావడానికి పట్టే సమయం అది. ఋషికొండ దగ్గర ఈదురుగాలికి లేచే అలలకి ఆరేడు సెకన్లే ఉంటుంది. చూడ్డానికి ఆర్భాటం, ఎక్కబోతే నురగ. 16 సెకన్ల అల అలా కాదు. నడిసముద్రంలో దాని పొడవు దాదాపు 400 మీటర్లు. 200 మీటర్ల లోతులోనే దానికి అడుగు తగలడం మొదలవుతుంది. తీరానికి వచ్చేకొద్దీ వేగం తగ్గి, పొడవు కుదించుకుని, ఆ బలమంతా ఎత్తులోకి వస్తుంది. తెరమీది 1.2 మీటర్లు ఒడ్డు దగ్గర మనిషిని మించి లేస్తుంది. అసలా 1.2 కూడా పెద్ద అలల సగటే. మధ్యమధ్యలో దానికి రెట్టింపుదీ ఒకటి వస్తుంది.

ఈ అల పుట్టిల్లు శ్రీలంక కాదు. దక్షిణాన 40, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఏ తుపానో రేపింది. గంటకి 45 కిలోమీటర్ల చొప్పున ఐదారు రోజులు నడిచి వస్తుంది. ఎక్కువ సెకన్లవి వేగంగా కదులుతాయి కాబట్టి ముందు 18 వస్తుంది, తర్వాత 16, ఆపైన 14. ఆ తగ్గే తీరుని బట్టి తుపాను ఎంత దూరంలో పుట్టిందో లెక్కగట్టవచ్చు. సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం 1963లో దక్షిణ సముద్రపు అలల్ని పసిఫిక్ పొడవునా అలాస్కా దాకా వెంబడించింది. యాప్‌లో అలలకిచ్చే నక్షత్రాల రేటింగు మాత్రమే లెక్కపెట్టి బట్టలు సర్దుకునేవాళ్లకి ఈ సరదా దక్కదు.

ఇక దిక్కు. 190 అంటే దాదాపు దక్షిణం. అరుగం బే తూర్పు వైపుంది, అల దీవి చివర తిరిగి రావాలి. పొడుగు అలకి అడుగు ముందే తగులుతుంది కనక బాగా వంగి లోపలికొస్తుంది. మన దగ్గర వానలు పడే నెలల్లో అక్కడ పొద్దున్నే గాలి నేల మీంచి కడలికి వీస్తుంది. అల ముఖం విరగకుండా నిలబడుతుంది. మధ్యాహ్నానికి గాలి తిరిగితే అంతా చెడుతుంది. తెల్లారకముందే లేవాలి.

ఈ దూరపు అలల మీద హెచ్చరికలిచ్చే సంస్థ ఇంకాయిస్ ఉన్నది హైదరాబాద్‌లో, కెరటం కనపడని ఊళ్లో. ఎండ కాస్తుండగా, గాలి ఊసైనా లేకుండా కేరళ తీరంలో ఇళ్లలోకి నీళ్లొచ్చేది ఈ జాతి అలలతోనే. మేం పండగ చేసుకునే 16 సెకన్లు అక్కడ వలలు, పడవలు పైకి లాక్కోమనే కబురు. అది చదివినప్పుడు నా ఉత్సాహం కాస్త సర్దుకుంటుంది.

తాజా అంచనా ప్రకారం మంగళవారం 18 వస్తుంది. మేం దిగేది గురువారం, అప్పటికి 14కి జారుతుంది. బావమరిదికి అదే మేలు. మొదటి రోజు మెయిన్ పాయింట్ వైపు కాదు, బేబీ పాయింట్‌కి తీసుకెళ్తాను. ఆ పేరు ఇంకా వాడికి చెప్పలేదు.