గాయని గొంతుక - కంపెనీ వాద్యం

అమెరికన్ నీగ్రో గాయని అని ఒకనాడు మన పత్రికలు రాసిన అరెతా ఫ్రాంక్లిన్ పాటను గురించి మన మిత్రుల్లో ఒక అభిప్రాయం స్థిరపడి వుంది. 1960 నుంచి 1966 దాకా కొలంబియా కంపెనీ ఆమె గొంతుకను వయొలిన్ల కింద పాతిపెట్టిందనీ, 1967లో అట్లాంటిక్ కంపెనీ దాన్ని తవ్వి తీసిందనీ ఆ అభిప్రాయం. చాలా ఏళ్లు నేనూ ఈ మాటే తరగతిలో చెప్పాను. వయొలిన్ బృందం బూర్జువా అభిరుచికి గుర్తు అని కూడా అన్నాను. ఒకనాడు ఒక విద్యార్థిని లేచి, "అయితే మాస్టారూ, 'నాచురల్ ఉమన్' పాటలో వయొలిన్లు లేవా?" అని అడిగింది. వున్నాయి. ఆ పాట 1967లో అట్లాంటిక్ విడుదల చేసిందే. ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

అరెతా 1942లో మెంఫిస్‌లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగింది. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ పేరు మోసిన బాప్టిస్టు బోధకుడు. 1963 జూన్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి డెట్రాయిట్ వీధుల్లో లక్షమందికి పైగా నడిచిన ప్రదర్శనకు నాయకుల్లో ఒకడు. ఆయన చర్చిలోనే 1956లో, పద్నాలుగో ఏట, ఆమె భక్తిగీతాలు రికార్డయ్యాయి. ఆ చర్చిలో పాట ఒక్కరి సొత్తు కాదు. గాయని ఒక మాట అంటే సభ బదులు పలుకుతుంది. బుర్రకథలో కథకుడికి వంతలు ఎలాగో అలాగ. వంత అడ్డం రాదు, అణచదు; కథకుడు ఊపిరి పీల్చుకునే చోట అందుకుని, పై మాటకు అతన్ని ఎత్తుతుంది. అరెతా నేర్చిన సంగీత శాస్త్రం ఇదే.

ఆమెను కొలంబియాలో చేర్చినవాడు జాన్ హామండ్. ఈయనను దుర్మార్గుడని అనడానికి వీల్లేదు. 1938లో న్యూయార్కు కార్నెగీ హాలులో, వామపక్ష పత్రిక 'న్యూ మాసెస్' అండతో, నల్లజాతి సంగీత సభను జరిపించినవాడాయన. అయితే కంపెనీ ఒక వ్యక్తి సదభిప్రాయం మీద నడవదు. హామండ్ తరవాత ఇతర నిర్మాతలు వచ్చారు. నాటక శాలల పాటలూ, పాత జనరంజక గీతాలూ, నిండు వాద్యబృందాలూ వచ్చాయి. 1961లో 'రాక్ ఎ బై యువర్ బేబీ విత్ ఎ డిక్సీ మెలడీ' అనే పాట ఆమె చేత పాడించారు. దక్షిణాది బానిస రాష్ట్రాలను తీపిగా తలుచుకునే పాట అది. 1918లో దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు ముఖానికి మసి పూసుకుని నల్లవారిని అభినయించిన ఆల్ జోల్సన్. కొలంబియాలో వున్నన్నాళ్లూ అమెరికా జనరంజక పట్టికలో మొదటి 40లోకి వచ్చిన ఆమె పాట ఇదొక్కటే. దాని స్థానం 37. గొంతుక కప్పబడడమంటే శబ్దం తగ్గడం మాత్రమే కాదని ఈ పాట వింటే తెలుస్తుంది. ఆమె గొంతు స్పష్టంగానే వినిపిస్తుంది. కాని ఆ గొంతుకు చెప్పుకోవడానికి తన మాట లేదు.

1967 జనవరి 24న అట్లాంటిక్ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్‌లో వున్న ఫేమ్ స్టూడియోకు తీసుకువెళ్లాడు. ఆమెను పియానో ముందు కూర్చోబెట్టారు. ముందే రాసి తెచ్చిన స్వరపత్రం లేదు. ఆమె వాయిస్తూ పాడుతూ వుంటే, అక్కడి తెల్లజాతి వాద్యకారులు చుట్టూ చేరి తమ భాగాలు వెతుక్కున్నారు. 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' అలా తయారైంది. ఆనాటి గొడవ వల్ల ఆ పని అంతటితో ఆగిపోయి, మిగిలిన పాటలు న్యూయార్కులో పూర్తయ్యాయి. కాని పద్ధతి నిలిచింది. కొలంబియాలోనూ ఆమె కొన్ని పాటలకు పియానో వాయించిన మాట నిజమే. తేడా ఏమంటే, ఇక్కడ ఆమె పియానో వాద్యబృందంలో ఒక భాగం కాదు. బృందమంతా ఆ పియానో నుంచి మొలిచింది.

ఇప్పుడు విద్యార్థిని ప్రశ్నకు వస్తాను. 'నాచురల్ ఉమన్'లో ముందు దారి తీసేవి పియానో, గొంతుక. వయొలిన్లు ఆ దారిన వచ్చి వంత పాడుతాయి. తప్పు వయొలిన్‌ది కాదు. వాద్యం గొంతుకకు బదులు చెబుతున్నదా, గొంతుకను తన చట్రంలో నిలబెడుతున్నదా అన్నదే ప్రశ్న. నేను వాయిద్యాన్ని పట్టుకుని వర్గాన్ని నిర్ణయించాను. ఇది యాంత్రిక విమర్శ. ఉత్పత్తి సంబంధాలను చూడకుండా పనిముట్లను నిందించడం వంటిది.

అయితే అట్లాంటిక్‌ను విమోచకురాలిగా కీర్తించడం ఇంకో పొరపాటు. అదీ కంపెనీయే, ఆ 1967లోనే వార్నర్ బ్రదర్స్-సెవెన్ ఆర్ట్స్‌కు అమ్ముడుపోయింది. గొంతుకను స్వేచ్ఛగా వదిలితేనే లాభం ఎక్కువని అది గ్రహించింది, అంతే. 'రెస్పెక్ట్' పాట చూడండి. 1965లో ఓటిస్ రెడింగ్ రాసి పాడిన ఆ పాట, ఇంటికి వచ్చే మగవాడు గౌరవం అడిగే పాట. 1967లో అరెతా దాన్ని ఆడదాని డిమాండుగా తిప్పింది. మాటను అక్షరం అక్షరం విడగొట్టి పలకడం ఆమె చేర్చినదే. చెల్లెలు కరొలిన్, అక్క ఎర్మా వంత పాడారు. పాట జాతీయ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. అయినా అమెరికా చట్టం ప్రకారం రేడియోలో పాట వేసినందుకు రచయితకే సొమ్ము వస్తుంది, పాడినవారికి రాదు. కోట్లమంది ఆమె గొంతుతో ఎరిగిన పాటకు ఆ పద్దు కింద ఆమెకు దక్కింది సున్న. స్టూడియోలో దొరికిన స్వేచ్ఛ ఖాతా పుస్తకం దాకా పోలేదు.

ఈ సంగతి ఆమె ఎరగనిది కాదు. 1970లో ఏంజెలా డేవిస్ జైలులో వున్నప్పుడు, జామీను సొమ్ము తాను కడతానని బహిరంగంగా ప్రకటించింది. తన డబ్బు నల్లజాతి ప్రజల నుంచి వచ్చిందే కనుక వారి మేలుకే వాడతానన్నది ఆమె వాదం. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో, జేమ్స్ క్లీవ్‌లాండ్ బృందగానంతో, రెండు రాత్రులు 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్‌కు పాడింది. స్టూడియో గోడలు లేవు. సభ కేకలు రికార్డులోనే వున్నాయి. ఆ ఆల్బమ్ ఇరవై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జనానికి నునుపు చేసిన పాటే కావాలన్న నిర్మాతల వాదానికి అంతకన్న జవాబు అక్కరలేదు.

ఆమె 2018లో మరణించింది. ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన ఒకటే. 1961 నాటి ఆ డిక్సీ పాటనూ, 1967 నాటి మజిల్ షోల్స్ పాటనూ ఒకే గంటలో విద్యార్థులకు వినిపించండి. ముందుగా మీ అభిప్రాయం చెప్పకండి. ఎవరు ఎవరికి వంత పాడుతున్నారో వాళ్లనే చెప్పనివ్వండి. నేను ఆ పని ముందే చేసి వుంటే, ఆ అమ్మాయి ముందు మౌనంగా నిలబడవలసి వచ్చేది కాదు.